అప్పగించిన చెక్క

వడ్రంగి ఇంటి వరండా. మిట్టమధ్యాహ్నం. వడ్రంగి భార్య, ఆమె అత్త ఇంట్లో ఉన్నారు. చర్చి సంఘం సామానుకు బాధ్యుడైన మాస్టారు అప్పుడే వచ్చి కూర్చోబోతున్నారు.

“పాప పోయిన రోజు సంగతైతే ఎత్తకండి మాస్టారూ. ఇంకేదైనా మాట్లాడండి.”

“ఎత్తనమ్మా. అందుకు రాలేదు.”

“అందరూ ముందు అలాగే అంటారు. కూర్చుంటారు, మంచినీళ్ళు తాగుతారు, ఆ తర్వాత ‘జ్వరం ఎన్నాళ్ళుందమ్మా’ అంటారు. మూడు రోజులుంది. నాలుగో రోజు జ్వరమూ లేదు, పాపా లేదు. చెప్పేశానుగా, ఇక వేరే మాట్లాడండి.”

“ఏమే, గుమ్మంలోకి వచ్చిన మనిషి మీద విరుచుకుపడతావేంటి? నాయనా, ఆ స్టూలు మీద కూర్చోకు. దానికి మూడు కాళ్ళే పనిచేస్తాయి. ఇటు చాప మీదకి రా. వడ్రంగి కొంపలో కుర్చీలన్నీ కుంటివే.”

“ఫరవాలేదు పెద్దమ్మా. మేస్త్రి లేడా?”

“అత్తా, మీ అబ్బాయి ఎక్కడికెళ్ళాడో మాస్టారికి చెప్పండి.”

“చూశావా నాయనా! రెండు నెలలుగా ఈ ఇంట్లో నేనే పోస్ట్‌మేన్‌ని. వాడు ‘ఉప్పెక్కడుందో అడగమ్మా’ అంటాడు. ఇది ‘గూట్లో ఉందని చెప్పండత్తా’ అంటుంది. ముగ్గురం ఉండేది ఒక్క గదిలోనే. ఉత్తరం రాసేవాడూ అందుకునేదీ ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో ఈ ముసలి ప్రాణం మొయ్యాలి.”

“మేస్త్రి ఎక్కడికెళ్ళాడు పెద్దమ్మా?”

“ఇటుకల బట్టీకి.”

“బట్టీకా? అక్కడ తలుపుల పనేమైనా...”

“తలుపులా! ఇటుకలు మొయ్యడానికి నాయనా. నెత్తి మీద పన్నెండేసి. రంపం ముట్టి రెండు నెలలు దాటింది.”

“నాకు తెలీదు.”

“మీకెలా తెలుస్తుంది మాస్టారూ? ఇంతకు ముందు వారానికోసారైనా షెడ్డులోకి తొంగి చూసి వెళ్ళేవారు. ‘మా ఇంటావిడ చెట్టు ఎలా ఉంది మేస్త్రీ’ అనేవారు. పాప పోయాక ఈ వీధిలోకే రాలేదు. సమాధి దగ్గరికి కూడా రాలేదు.”

“ఒంట్లో బాగుండలేదమ్మా.”

“అవునట. ఎవరో అన్నారు.”

“మేస్త్రి నా గురించి ఏమైనా అన్నాడా?”

“మీ గురించా? ఏమంటాడు?”

“ఏం లేదు. రాలేదని ఏమైనా అనుకున్నాడేమోనని.”

“మీ అబ్బాయి మాస్టారి గురించి ఏమైనా అన్నాడా అత్తా?”

“వాడా? వాడు ఒకళ్ళని ఒక మాట అంటాడా! పడతాడు గానీ అనడు. చిన్నప్పుడు వీడి పలక పగలగొట్టింది పక్కింటి వాడు, దెబ్బలు తిన్నది వీడు. ‘ఎవరు పగలగొట్టార్రా’ అంటే ‘పడిపోయిందమ్మా’ అన్నాడు. వాణ్ణి కొట్టిన చేతులు ఇవే నాయనా.”

“మంచిది. అంటే, మంచి మనిషి అని.”

“వచ్చిన పని చెప్పండి మాస్టారూ. ఎండలో ఇంత దూరం ఊరికే రారు.”

“చెప్తానమ్మా. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల సంగతి. ఈ ఆదివారం కొత్త బల్ల ప్రతిష్ఠ అనుకున్నాం కదా.”

“అనుకున్నారు.”

“నిన్న సంఘపెద్దలందరం కూర్చున్నాం. పాస్టరు అయ్యగారు కూడా ఉన్నారు. పాత బల్లకే రంగు వేయించి వాడుకుందాం అన్నారు.”

“అదేం? మీ ఇంటావిడ చెట్టు కోయించి టేకు చెక్క ఇచ్చారుగా మీరు.”

“ఇచ్చాను. దాని గురించే. మేస్త్రికి ఒక మాట చెప్పి రమ్మన్నారు నన్ను. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు, అతనూ మనసులో పెట్టుకోవద్దు, తలెత్తుకుని ఆరాధనకి రమ్మను అని. తండ్రి గుండె అలాంటిది. వాడుకుంటే వాడుకున్నాడు. క్షమించడానికి కూడా ఏమీ లేదు, అయినా క్షమించాం అని...”

“దేన్ని వాడుకున్నాడని?”

“చెక్కని.”

“ఏ చెక్కని?”

“అదేనమ్మా. మా చెట్టు చెక్క. పాపని పడుకోబెట్టిన పెట్టెకి.”

“పాప పెట్టెకా? హ... హహ!”

“ఎందుకు నవ్వుతున్నావమ్మా?”

“నవ్వట్లేదు మాస్టారూ. ఏడుపు రావాల్సిన చోట ఈ మధ్య ఇదే వస్తోంది. అత్తా, విన్నారా? మీ అబ్బాయి దొంగట. పైగా క్షమించారట.”

“దొంగ అనలేదమ్మా నేను. ఎవరూ అనలేదు. ఆ రోజు పెట్టె చూసినవాళ్ళు...”

“ఎవరు చూశారు? దుప్పటి కప్పాను పైనుంచి కింద దాకా. అంచులు లోపలికి దోపాను, గాలికి కూడా లేవకుండా. ఎవరు చూశారు పెట్టెని?”

“చూడలేదు కాబట్టే అనుకున్నారు. దాచారంటే మంచి చెక్కే అయ్యుంటుందని.”

“అనుకున్నారా! లేవండి. లేవండి మాస్టారూ, షెడ్డులోకి రండి. అత్తా, తాళంచెవి ఇవ్వండి.”

“ఎండలో ఎక్కడికే ఆయన్ని... సరే సరే, ఇదిగో. నేనూ వస్తాను ఉండండి. మోకాళ్ళు కాస్త ఆలస్యంగా వస్తాయి.”

ఇంటి వెనక షెడ్డు. ఒక గోడ వెంట దూలాల మీద ఎత్తుగా చెక్కలు పేర్చి ఉన్నాయి.

“చూడండి. పైన. లెక్కపెట్టండి.”

“అవి...”

“మీరు సుద్దముక్కతో వేసిన అంకెలు కూడా చెరిగిపోలేదు. చదవండి. నా కళ్ళు నమ్మొద్దు, మీ కళ్ళతో చదవండి.”

“ఒకటి. రెండు. మూడు... ఆ చివరిది?”

“ఏడు.”

“ఏడూ ఉన్నాయా?”

“ఏడూ ఉన్నాయి.”

“ఏడూ ఎలా ఉంటాయమ్మా? మళ్ళీ చూడు. నాలుగు తక్కువుండాలి.”

“నాలుగని మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళ పిల్ల... చిన్న పెట్టె... నాలుగైతే సరిపోతాయని. అంచనా.”

“మీ అంచనా మండిపోనూ. క్షమించండి మాస్టారూ, నోరు జారింది. ఏడూ ఉన్నాయి. గోరంత చెక్కు కూడా ఊడలేదు. మూడు రోజులకోసారి ఇక్కడికొచ్చి వాటిని తిప్పి పెడతాడు మీ మేస్త్రి, ఒకవైపే వంగిపోతాయని. రంపం ముట్టడు గానీ వాటిని మాత్రం తిప్పుతాడు. కన్నకూతుర్ని ఒత్తిగిలించినట్టు.”

“నేను అతను తీసుకున్నాడనే అనుకున్నాను.”

“తీసుకునే మనిషైతే నాకీ గతెందుకు?”

“తీసుకున్నాడనే అనుకున్నానమ్మా. రెండు నెలలూ. పోనీలే, తీసుకున్నాడు కదా అని... కాస్త నిద్ర కూడా పట్టేది నాకు.”

“మీకు నిద్ర పట్టడానికీ మా చెక్కకీ ఏం సంబంధం?”

“ఏం లేదు. ఏదో అంటున్నాను.”

“నాయనా, మావాడి సంగతి నీకు తెలీనిదా? ఒకరు చెక్క ఇచ్చి పని చేయించుకుంటే, మిగిలిన ముక్కలు, చిత్రిక పొట్టుతో సహా గోనెసంచిలో కట్టి తిరిగిచ్చేస్తాడు. మంగలాయన పీట చేయించుకుంటే ఏం జరిగిందో తెలుసా? పీట కంటే సంచే పెద్దది. ‘ఇదేంటయ్యా’ అంటే ‘మీదేనండీ’ అన్నాడట. పాపం ఆయన ఆ పొట్టు పొయ్యిలో వెయ్యడానికి మొహమాటపడి ఏడాది దాచుకున్నాడు.”

“అత్తా, ఇప్పుడు ఆ కథలెందుకు?”

“మరి ఏం చెప్పమంటావే? ఏడుపు నువ్వు చెప్తావు, నవ్వు నేను చెప్తాను. ఇంటికి రెండూ కావాలి.”

“అయితే పాపని... దేనితో చేశాడమ్మా పెట్టె?”

“వినాలనుందా?”

“చెప్పు.”

“బజారులో గాజు సామాను వచ్చే డబ్బాలుంటాయే, వాటి చెక్కలు. పొయ్యిలోకని కొనుక్కున్నవి. ఆ మూల పడుండేవి. చెక్కంటే చెక్క కాదు, వేలితో నొక్కితే దిగుతుంది. వాటి మీద నల్ల రంగుతో అక్షరాలు ముద్రేసి ఉన్నాయి. ‘పగిలే సామాను, జాగ్రత్త’ అని. చిత్రిక పట్టాడు, పోలేదు. ఇంకా పడితే చెక్క చిరిగిపోతుంది. చివరికి ఏం చేశాడో తెలుసా మాస్టారూ? ఆ అక్షరాల వైపు లోపలికి తిప్పి మేకులు కొట్టాడు. బయటివాళ్ళకి కనపడకూడదని.”

“లోపలికా?”

“బయటివాళ్ళకి కనపడలేదు. అవి నా కూతురి వైపు ఉన్నాయి.”

“అమ్మా...”

“ఒళ్ళు చెక్కకి తగలకుండా నా చీరలు పరిచాను. ఆ పైన మీ ఇంటావిడ కుట్టిన తెల్ల గౌను వేసి పడుకోబెట్టాను. గుర్తుందా? మహాతల్లి, జబ్బులో ఉండి కూడా కుట్టింది. పాపని పిచ్చుక అనే పిలిచేదిగా, ‘పిచ్చుకకి రెక్కలు కుడుతున్నాను’ అనేది. ఆ గౌనులోనే పంపించాను.”

“ఆ గౌనులోనా?”

“ఆ గౌనులోనే. ఏం, కుట్టినావిడ ఉంటే బాధపడేదా?”

“లేదమ్మా. లేదు. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తావా?”

“అత్తా, కుండలోవి ముంచి తీసుకురండి.”

“తెస్తా. నేను వచ్చేదాకా ఏం చెప్పుకోకండి, నాకు మళ్ళీ చెప్పాల్సొస్తుంది.”

“అమ్మా, నేను ఒక మాట చెప్తాను. కోపగించుకోకు. మేస్త్రి చేసింది... అది నమ్మకం. ఒకళ్ళు అప్పగించినదాన్ని ప్రాణం మీదకొచ్చినా ముట్టుకోకపోవడం. యజమాని సొత్తు చూసుకునే గృహనిర్వాహకుడు అంటే అలాగే ఉండాలని మనం పిల్లలకి...”

“ఆగండి. ఆగండి మాస్టారూ. ఆదివారం బడిలో మీరు చెప్పే కథ నేనూ విన్నాను. యజమాని ఊరెళ్తూ పనివాళ్ళకి తలా కొంత ఇచ్చి వెళ్తాడు. ఒకడు దాన్ని భూమిలో పాతిపెట్టి, ‘ఇదిగో, నీది నీకు భద్రంగా ఉంది’ అంటాడు. వాణ్ణి యజమాని మెచ్చుకున్నాడా?”

“లేదు.”

“మీరే చెప్పారు, మెచ్చుకోలేదని. పిచ్చుక ఇంటికొచ్చి వాళ్ళ నాన్నకి నటించి చూపించింది కూడా. గుంట తవ్వడం, మూట పెట్టడం, మన్ను కప్పడం. ఆయన పడీ పడీ నవ్వాడు. అదే మనిషి, చెక్కని దూలాల మీద భద్రం చేసి, కూతుర్ని పాతిపెట్టి వచ్చాడు.”

“అలా అనకమ్మా.”

“ఎందుకనకూడదు? దేవుడు ఆయనకి అప్పగించింది మీ చెక్క ఒక్కటేనా? పిల్లని అప్పగించలేదా? నన్ను అప్పగించలేదా? మా ఇద్దరి గురించి అడిగేవాడు లేడనుకున్నాడా? మీ చెక్కకైతే సుద్దముక్కతో అంకెలున్నాయి. మాకు లేవు, అంతేగా?”

“ఇదిగో నాయనా నీళ్ళు. మొహమేంటి అలా అయిపోయింది? కూర్చో, ఆ దుంగ మీద. దుంగలకి కాళ్ళుండవు, భయం లేదు.”

“చాలు పెద్దమ్మా.”

“చెప్పిందా మరి? రేపు పొద్దున వెళ్ళిపోతానన్నది కూడా చెప్పిందా?”

“ఎక్కడికి?”

“వాళ్ళక్క ఊరికి. సంచి సర్దేసింది. చూడు నాయనా, ఇది వెళ్ళిపోతే నేనెవరికి మొయ్యాలి ఉత్తరాలు? నువ్వైనా చెప్పు. పెద్దవాడివి, చదువుకున్నవాడివి.”

“నిజమేనా అమ్మా?”

“నిజమే. మొదటి బండికి.”

“మేస్త్రికి తెలుసా?”

“అత్తతో చెప్పించాను. ‘సరే’ అన్నాడట. ‘వెళ్ళొద్దు’ అనలేదు. ఆయన అడగడు కదా. అడగడమంటే ఆయనకి నామోషీ. వెళ్ళొద్దని నన్నూ అడగడు, నాలుగు చెక్కలిమ్మని మిమ్మల్నీ అడగడు.”

“నన్ను... అడగలేదని అతనే చెప్పాడా?”

“ఆయనే. నేనే అన్నాను ఆ రోజు, ‘మాస్టారింటికి వెళ్ళు, ఆయన కాదనరు, పాపంటే వాళ్ళావిడకి ప్రాణంగా ఉండేది’ అన్నాను. మేకులు తెస్తానని వెళ్ళాడు. మేకుల కొట్టుకి మీ గుమ్మం ముందు నుంచే పోవాలి. గంటకి తిరిగొచ్చాడు, వానలో ముద్దయి. ‘అడిగావా’ అన్నాను. ‘లేదు’ అన్నాడు. ‘మాస్టారింట్లో లేరా’ అన్నాను. ‘నేనే అడగలేదు. ప్రభువు కోసం ఇచ్చింది మన కోసం అడక్కూడదు’ అన్నాడు. అన్నది అంతే. ఆ డబ్బా చెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. అప్పటి నుంచి ఆ మనిషితో నాకు మాటల్లేవు.”

“నీ మొహం చూసే చెప్పాడా, అడగలేదని?”

“నా మొహం చూసే చెప్పాడు. ఎందుకలా గుచ్చి గుచ్చి అడుగుతారు?”

“వెళ్తానమ్మా. పొద్దు పోతోంది.”

“పొద్దు నడినెత్తినే ఉంది. కూర్చోండి. నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. రెండు నెలలుగా అడగాలనుకుంటున్నాను, మీరే కనపడలేదు.”

“ఇంకోసారి వస్తాను.”

“ఇంకోసారి నేనుండను. మాస్టారూ, ఆయన అడిగుంటే మీరు ఇచ్చేవారు కదా?”

“అది... ఆ చెట్టు మా పెళ్ళైన కొత్తలో ఆవిడ నాటిందమ్మా. ముప్ఫై రెండేళ్ళు. మాకు పిల్లలు లేరు. దాన్నే చూసుకునేది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, ‘నా చెట్టుని ప్రభువు బల్ల చేయించండి’ అంది. నాకు మిగిలింది...”

“తెలుసు. అది నాకు తెలుసు. ఇచ్చేవారా?”

“ఆవిడ ఉంటే అడక్కుండానే పంపించేది.”

“ఆవిడ సంగతి కాదు. మీరు. మీరు ఇచ్చేవారా?”

“ఏమే, ఆయన్ని నిలదీస్తావేంటి పోలీసులా?”

“మీరూరుకోండత్తా. నాకు ఒక్క మాట చాలు. ఇచ్చేవారని చెప్పండి మాస్టారూ, రేపు నిమ్మళంగా బండెక్కుతాను. నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే నా కూతురు టేకు పెట్టెలో పడుకునేది, ఆ ఒక్క మాట అడగలేని మనిషితో నేను బతకలేను. లేదు, ఇచ్చేవాణ్ణి కాదంటారా, అదీ చెప్పండి. అడక్కపోవడమే మేలైంది, ఆ అవమానమైనా తప్పిందని ఊరుకుంటాను. రెండింట్లో ఏదో ఒకటి.”

“రెండూ కాదమ్మా.”

“రెండూ కాకుండా ఇంకేముంటుంది?”

“అడిగాడు.”

“ఎవరు?”

“మేస్త్రి. ఆ రోజు అడిగాడు.”

“లేదు. అడగలేదన్నాడు. అత్తా, మీరూ విన్నారుగా, అడగలేదన్నాడు!”

“నీ దృష్టిలో నేను చులకన కాకూడదని అలా అన్నాడమ్మా.”

“అయితే మీరు... మీరు ఇవ్వనన్నారా?”

“ఇవ్వనని అనలేదు. మా గుమ్మంలో వానలో నిలబడి, ‘నాలుగు చాలు మాస్టారూ, మళ్ళీ ఎక్కడి నుంచైనా తెచ్చి పెడతాను’ అన్నాడు. లోపలికి రమ్మనలేదు నేను. ఆలోచించి చెప్తానన్నాను, తలుపు వేసుకున్నాను. ఇంకా చెప్పలేదు.”